అవతలి గట్టున రెల్లు

“అందరి ఇళ్ళూ గీశావు. మా ఇల్లేదిరా?”

అడిగింది అక్క. కళ్ళు చూపించుకోవడానికి పట్నం వచ్చి తమ్ముడింట్లో దిగింది. పై అరలో గుడ్డ చుట్టి దాచిన అట్లాసును పట్టుబట్టి దింపించుకుని, మంచం మీద పరిచి, ఏటి వెంబడి వేలు జరుపుకుంటూ వచ్చింది. రేవు దొరికింది. రేవు పక్కన టీ కొట్టు కూడా దొరికింది. ఏరు దాటి అవతలి గట్టు మీద వేలు పెట్టేసరికి అక్కడ ఇళ్ళు లేవు. పైకి విచ్చుకున్నట్టుండే మూడేసి చిన్న గీతలు గట్టు పొడుగునా చల్లి ఉన్నాయి.

తమ్ముడు పొయ్యి దగ్గర పాలు పొంగిపోకుండా కాపలా కాస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే, “ఆ ముక్క రెండో ముద్రణలో వస్తుందక్కా,” అన్నాడు.

అక్క నమ్మింది. అదే వచ్చిన చిక్కు. నమ్మకుండా నాలుగు తిట్టి ఉంటే ఆ సంగతి ఆ గదిలోనే తేలిపోయేది. ఆవిడ కళ్ళలో మందు వేయించుకుని ఇంటికెళ్ళి, అవతలి గట్టు మీద గడప గడపకూ చెప్పుకొచ్చింది: మా తమ్ముడు మనల్ని రెండో ముద్రణలో వేస్తున్నాడు, మొదటిదాంట్లో చోటు చాల్లేదట. చోటు చాల్లేదని తమ్ముడు అనలేదు. తమ్ముడి పరువు కోసం అక్క సొంతంగా కలుపుకున్న మాట అది.

ఆ తమ్ముణ్ణి విశ్వవిద్యాలయంలో గీతలాయన అంటారు. ప్రాంతీయ అధ్యయన కేంద్రంలో పటాలు గీసే ఉద్యోగం. కుడిచేతి చిటికెన వేలు పక్కన సిరా మచ్చ, ఎంత రుద్దినా పోదు. బల్లకు ఎవరైనా ఆనుకుంటే చాలు, పాము కనబడ్డట్టు అదిరిపడతాడు. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి, గీత అయ్యాక వదులుతాడు. పొడుగాటి ఏరు గీసిన రోజున ఆయన పక్కన కూర్చున్నవాళ్ళకు ఆయాసం వచ్చేది.

కేంద్రం ఎలా పుట్టిందో వార్షిక సంచికల్లో అచ్చేశారు. అవి చదివితే ఎవరో మహానుభావులు తపస్సు చేసి తెచ్చినట్టుంటుంది. జరిగింది వేరు. రసాయన శాస్త్రం వాళ్ళు పాత సీసాలు పడేసుకునే రెండు గదులు ఖాళీ అయ్యాయి. గణితం వాళ్ళు కన్నేయకముందే వాటికి ఏదో ఒక బోర్డు తగిలించాలని పైవాళ్ళు తొందరపడ్డారు. చరిత్ర చెప్పే పెద్దసారు ఆ సమయానికి వరండాలో ఉన్నాడు, తాళంచెవులు ఆయన చేతిలో పడ్డాయి. యాసిడ్ ఘాటుకు దగ్గుతూ మొదటి సమావేశం జరిపారు. అసలు మన ప్రాంతమంటే ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్నది చర్చ. మన మాట ఎంతవరకు మాట్లాడితే అంతవరకని ఒకరు, ఏటి నీళ్ళు ఎంతవరకు పారితే అంతవరకని ఒకరు. బస్సు ఎంతవరకు పోతే అంతవరకు అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అటెండరు. అందరూ నవ్వారు. చివరికి జరిగింది మాత్రం దాదాపు అదే.

పెద్దసారు మంచివాడు, మొండివాడు. రెండు నియమాలు పెట్టాడు. పుస్తకాల్లోంచి ఎత్తి గీసేది లేదు, ప్రతి ఊరికీ మనిషి వెళ్ళాలి, నడవాలి, టేపు పట్టి కొలవాలి. ఇక రెండోది, పటంలో ఎక్కడా ఖాళీ కనబడకూడదు. ఖాళీ వదిలామంటే మనం అక్కడికి పోలేదని మనమే చాటుకున్నట్టు. నేలన్న తర్వాత దాని మీద ఏదో ఒకటి ఉంటుంది కదా అనేవాడు. పొలమో, రాయో, ఇసుకో, రెల్లో. ఒక్కోదానికి ఒక్కో గుర్తు కావాలి. ఆ గుర్తులన్నీ గీతలాయనే కూర్చాడు. అన్నిట్లోకీ రెల్లు గుర్తంటే ఆయనకు ముచ్చట. చెయ్యెత్తకుండా మూడు విసుర్లు, అంతే.

ఊళ్ళు పంచుకున్నప్పుడు అవతలి గట్టు గీతలాయన వాటాకు వచ్చింది. మీ అక్కగారి ఊరేగా, భోజనం ఖర్చు కూడా కలిసొస్తుంది అన్నాడు పెద్దసారు. అందరూ తలలూపారు. గీతలాయన కూడా ఊపాడు. లోపల మాత్రం నీరుగారిపోయాడు.

కారణం పెన్నులు. సన్న గీతలు గీయాలంటే ఒక్కో నిబ్బు ఒక్కో మందంతో ఉండే పెన్నుల డబ్బా కావాలి. కేంద్రం ఇచ్చింది ఒక సిరాబుడ్డి, ఒక ఇనుప పాళీ. ఆ పాళీతో గీస్తే చెరువుకట్ట కూడా కోటగోడలా వచ్చేది. దినకూలీ మీద చేరిన మనిషి, ఎవర్నడుగుతాడు? బావనడిగాడు. బావ రేవులో పడవలు బాగుచేసేవాడు. లెక్క చూసుకోకుండా డబ్బు తీసిచ్చాడు. నెలలో ఇచ్చేస్తానన్నాడు బామ్మర్ది. కేంద్రంలో కూలీ డబ్బులు నెలలకు నెలలు ఆగిపోయేవి.

బావది పెద్ద నోరు. బాకీ కోసం ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు, సరదాగా అడిగేవాడు. పడవ నిండా జనం ఉండగా అవతలి ఒడ్డు మీంచే కేక వేసేవాడు: “ఏం బామ్మర్దీ, నా పెన్నులు బాగా రాస్తున్నాయా?” జనం నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు పడవవాడు కూడా పెన్నుల బామ్మర్ది వచ్చాడనడం మొదలుపెట్టాడు. బావకది వేళాకోళం, గీతలాయనకు తల కొట్టేసినట్టయ్యేది.

కొలతలకు పోవాల్సిన రోజు పొద్దున్నే టేపు, బల్లచెక్క, రెండు గెడలు పట్టుకుని రేవుకు వెళ్ళాడు. అవతల బావ కనిపిస్తున్నాడు, బోర్లించిన పడవకు తారు పూస్తూ. పడవ ఇవతలికి వస్తోంది. గీతలాయన ఒక టీ చెప్పాడు. పడవ వచ్చింది, జనాన్ని ఎక్కించుకుంది, వెళ్ళిపోయింది. ఆయన ఇంకో టీ చెప్పాడు. జేబులో డబ్బు పెట్టుకుని వచ్చేవారం వద్దాం, దర్జాగా వద్దాం అనుకున్నాడు. వచ్చేవారం కూలీ రాలేదు. ఆ పైవారం ప్రెస్సువాళ్ళు పీకల మీద కూర్చున్నారు.

“అవతలి గట్టు చూశావా?” అని పెద్దసారు అడిగాడు.

“చూశానండి.”

చూశాడు కూడా, టీ కొట్టు బల్ల మీద కూర్చుని. ఒడ్డువారగా కాస్త రెల్లుంది, దాని వెనక చెట్లు, చెట్ల వెనక ఇళ్ళ కప్పులు. ఖాళీ వదలడానికి లేదు, ఊహించి ఇళ్ళు గీస్తే పెద్దసారు కొలతలు అడుగుతాడు. రెల్లుకు కొలతలు ఎవరడుగుతారు? ఊపిరి బిగబట్టి, చెయ్యెత్తకుండా, గట్టు పొడుగునా విసిరాడు. బావ డబ్బుతో కొన్న పెన్నుతోనే.

అట్లాసు వచ్చాక కేంద్రం దశ తిరిగింది. ప్రతి గడపకూ వెళ్ళి గీసిన పుస్తకం అని పెద్దసారు ముందుమాటలో రాశాడు. పేపర్లు ఆ మాటనే పట్టుకున్నాయి. అట్లాసు తీసినప్పుడల్లా గీతలాయన ఆ పుట దాటేసేవాడు. గ్రాంటు వచ్చింది. యాసిడ్ వాసన పోయి వార్నిష్ వాసన వచ్చింది, గదులు పెరిగాయి, కుర్చీలకు దిండ్లొచ్చాయి. అట్లాసు అట్ట మీది పటమే కేంద్రం ముద్ర అయింది. ఉత్తరాల కాగితాల మీద, సెమినారు సంచుల మీద, చివరికి మంచినీళ్ళ గ్లాసుల మీద కూడా అదే. గీతలాయన నీళ్ళు తాగినప్పుడల్లా అవతలి గట్టు పెదాలకు తగిలేది. రెండో ముద్రణ మాత్రం రాలేదు. మొదటిది అమ్ముడుపోతే కదా? పేరంతా ఉచితంగా అందుకున్నవాళ్ళలోనే.

ఉద్యోగం పర్మనెంటయింది. మొదటి నిండు జీతం చేతికొచ్చిన రోజునే రేవుకు పోవాల్సింది. కానీ అప్పటికి బాకీ చిన్నదైపోయింది, రెల్లు పెద్దదైపోయింది. డబ్బు తీర్చేసినా ఆ ఇళ్ళ మధ్య ఏ మొహం పెట్టుకుని నడుస్తాడు? ఏదైనా కార్యం వస్తే భార్యను పంపి, తనకు సెలవు దొరకలేదని చెప్పించేవాడు. డబ్బు పంపుదామని కవరులో పెట్టి, ఒట్టి డబ్బు పంపితే బావ ఏమనుకుంటాడో అని మళ్ళీ తీసేసుకునేవాడు. అక్కే వచ్చి చూసిపోయేది. వచ్చినప్పుడల్లా, రెండో ముద్రణ ఎందాకా వచ్చిందిరా అని అడిగేది. నడుస్తోందక్కా అనేవాడు.

ఈలోగా ఒక పరిశోధకురాలు చేరింది. చురుకైన పిల్ల. అట్లాసును తిరగేసి, ఏటికి ఇంత దగ్గర, నేల మంచిది, అయినా అవతలి గట్టున మనిషన్నవాడు ఎందుకు లేడు అని అడిగింది. ప్రశ్న బాగుందన్నారు అందరూ. అదే థీసిస్ అంశమైంది. స్వయంగా వెళ్ళి చూడొచ్చు కదా అంటారేమో. కేంద్రం ఒకసారి నడిచిన నేల మీద మళ్ళీ నడవడానికి ప్రయాణపు ఖర్చులివ్వరు. పైగా అది పెద్దసారును శంకించినట్టవుతుంది. ఆమె లైబ్రరీలో కూర్చుని వరదల లెక్కలు తీసింది, ఉప్పునేల గురించి చదివింది. జనం అక్కడ కాలు పెట్టడానికి భయపడేవారని ఒక అధ్యాయం రాసింది. పట్నంలో ఉంటున్న ఒక ముసలి పడవవాడు, టీ ఇప్పించినందుకు, కావలసినన్ని భయాలు చెప్పాడు. బొమ్మలు గీతలాయన గీశాడు. ఎన్నోసార్లు నిజం నోటిదాకా వచ్చింది. రాత్రీపగలూ కష్టపడుతున్న పిల్ల, పట్టా చేతికి రానీ, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాడు. పట్టా వచ్చింది. మిఠాయి పెట్టె పట్టుకొచ్చి, “మీ పటం లేకపోతే నా థీసిస్ లేదండీ,” అంది. నిజమే చెప్పింది పాపం. ఆయన ఒక ముక్క తీసుకుని, మింగుడుపడక, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఇంతవరకూ చదువుకున్నవాళ్ళ గొడవే. పుస్తకంలో ఊరు లేకపోతే ఊరికేం నష్టం అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అప్పుడు వంతెన ఇంజనీర్లు వచ్చారు.

రెండు చోట్లు అనుకుంటున్నామన్నారు. ఒకటి రేవు దగ్గర, ఒకటి బాగా దిగువన ఇటుక బట్టీల దగ్గర. కేంద్రం అట్లాసును బల్ల మీద పరిచారు. రేవుకు అవతల రెల్లే కదా, అక్కడ వంతెన దిగి ఎవరికి ఉపయోగం అన్నాడు ఒకాయన. పెద్దసారు కళ్ళజోడు సవరించుకుని, గీతలాయన వైపు చూసి, మనవాడు స్వయంగా చూశాడన్నాడు. గీతలాయన పటం అంచులు సరిచేశాడు. వాళ్ళు ఆ పుట నకలు అడిగారు. తీసిచ్చాడు. సాయంత్రం పెద్దసారు గది దాకా వెళ్ళాడు. అటెండరు, అయ్యగారు కునుకు తీస్తున్నారన్నాడు. సరే, తర్వాత వస్తానన్నాడు. ఆ తర్వాత రాలేదు. వంతెన ఇటుక బట్టీల దగ్గర లేచింది.

అక్క కూతురు అప్పుడు ఇవతలి బడిలో ఆఖరి తరగతి. చదువులో ముందుండేది, లెక్కల్లో మరీ. పరీక్షల రోజుల్లో అకాల వానలకు ఏరు పొంగింది, పడవ కట్టేశారు. మళ్ళీ ఏడూ పొంగింది. మూడో ఏడు ఆ పిల్ల పుస్తకాలు ఎవరికో ఇచ్చేసి కుట్టుమిషను దగ్గర కూర్చుంది. ఈ కబురు చెప్పింది అక్కే, తమ్ముడింట్లో కాఫీ తాగుతూ. ఏడవలేదు. ఇంకా ఆయన్నే ఓదార్చింది. “నువ్వు బెంగపెట్టుకోకురా. నీ రెండో ముద్రణ రానీ, మాకూ ఒక వంతెన వేస్తార్లే.” ఆ రోజు నుంచి గీతలాయన కాఫీ మానేశాడు. అది ప్రాయశ్చిత్తమని ఆయన అనుకుని ఉండొచ్చు. కాఫీ మానితే వంతెన కదలదు.

పెద్దసారు పోయాడు. డైరెక్టర్లు మారారు. చివరికి ఆ కుర్చీలోకి మిఠాయి పెట్టె తెచ్చిన పిల్లే వచ్చింది, తల నెరిసి, గొంతు గట్టిపడి. అందరూ డైరెక్టరమ్మ అంటారు. కేంద్రానికి సొంత భవనం వచ్చింది. లోపల పెద్ద హాలు, నేలంతా మొజాయిక్‌తో ప్రాంతపు పటం. రంగురాళ్ళతో పొలాలు, ఇత్తడి పట్టీలతో ఏళ్ళు, దారులు. కొండల దగ్గర తలుపు తీసుకుని లోపలికొచ్చిన మనిషి ఏరు దాటి ఆఫీసుకు పోవాలి. దానికి అసలు సైజులో గీతలు గీయడం గీతలాయన ఆఖరి పని. అది అయితే రిటైర్‌మెంటే.

నేల మీద కాగితాలు పరుచుకుని మోకాళ్ళ మీద పాకుతూ గీసుకొచ్చాడు. అవతలి గట్టు దగ్గరికొచ్చేసరికి రెల్లు ఒక్కో విసురు మూరెడు పొడుగొస్తోంది. అట్లాసులో చీమకాలంత ఉండేది. అరచేతిలో దాచుకున్నది ఇప్పుడు మోచేతి దాకా వచ్చింది. రాళ్ళు పోసే మేస్త్రీ పక్కన నిలబడి, ఇక్కడ ఆకుపచ్చ ఎన్ని బస్తాలు పడుతుంది అని అడిగాడు. గీతలాయన ఆగమన్నాడు. లేచి, మోకాళ్ళు దులుపుకోకుండానే డైరెక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. ఈసారి గుమ్మం దగ్గర అటెండరు లేడు.

“అమ్మా, అవతలి గట్టు మీద రెల్లు లేదు,” అన్నాడు.

“కొట్టేశారా?”

“అప్పుడూ లేదు. ఒడ్డున కాస్త ఉండేది. వెనకాల ఊరుంది. మా అక్కావాళ్ళ ఊరు.”

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ పెట్టుకుంది. ఆమె వెనక అరలో ఆమె థీసిస్ ఉంది, బంగారు రంగు అక్షరాలతో.

“మీరు వెళ్ళి చూశారని పెద్దసారు చెప్పేవారు.”

“ఇవతలి నుంచి చూశానమ్మా.”

“జనం ఎందుకు లేరో నేను మూడేళ్ళు ఆలోచించాను. మీరు పక్కనే కూర్చుని బొమ్మలు గీశారు.”

“గీశాను.”

“ఆ రోజు మిఠాయి తిన్నారా?”

“లేదమ్మా. జేబులో వేసుకున్నాను.”

ఆమె నవ్వింది, నవ్వాల్సినట్టు కాదు. తిట్లకు సిద్ధపడి వచ్చాడాయన, ఉద్యోగం చివర్లో ఏదో మచ్చ రాసినా పడదామనుకున్నాడు. ఆమె తిట్టలేదు. అక్కడ ఎన్ని ఇళ్ళున్నాయని అడిగింది. తెలీదన్నాడు, ఆ గట్టు మీద కాలు పెట్టి ఏళ్ళయిందన్నాడు.

“సొంత అక్క ఇల్లు?”

“సొంత అక్క ఇల్లే.”

ఆమె చెప్పింది, మేస్త్రీని తను ఆపుతానని, మళ్ళీ ఊహించి గీస్తే మాత్రం ఊరుకోనని. “వెళ్ళి కొలుచుకు రండి. ప్రయాణం ఖర్చులు రావు. మన లెక్కల్లో ఆ నేల నడిచేసినట్టే ఉంది.”

పడవకు ఇప్పుడు మోటారుంది. టీ కొట్టు అక్కడే ఉంది, ఆయన అటు చూడలేదు. బావ ముసలివాడైపోయి, బోర్లించిన పడవ మీద ఎండకు కూర్చున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. “ఏం బామ్మర్దీ, నా పెన్నులు బాగా రాస్తున్నాయా?” అన్నాడు, నిన్న మొన్న అడిగినట్టు.

ఇంటి ముందు అరుగు మీద ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని అంతా చెప్పాడు గీతలాయన. టీ కొట్టు, రెల్లు, రెండో ముద్రణ, ఇంజనీర్లు. ఏదీ మిగల్చలేదు. బావ మొదట నవ్వాడు, పెన్నుల కేకకు జడిసే ఏరు దాటలేదన్న దగ్గర నవ్వు ఆపాడు. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

“అంటే ఇన్నేళ్ళూ మేం గడ్డిపరకలమా?”

ఆవిడ లేచి లోపలికెళ్ళింది. గిన్నెల చప్పుడు కాసేపు గట్టిగా వినిపించింది, ఆ తర్వాత అదీ లేదు.

మేనకోడలు మిషను ఆపింది. మెడలో వేసుకున్న బట్టల టేపు తీసి కుర్చీకి తగిలించి, మామయ్య చేతిలోని పొడుగు టేపు చుట్ట అందుకుంది. ఇద్దరూ ఇంటింటికీ తిరిగారు. ఆమె చుట్ట పట్టుకుని గోడకానించి నిలబడేది, అంకె చదివి చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. జనం గుమ్మాల్లోకి వచ్చి, రెండో ముద్రణ వచ్చేసిందా అని సంబరంగా అడిగారు. ఒక ముసలాయన చొక్కా మార్చుకుని వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు, తనను కూడా గీస్తారేమోనని. గీతలాయనకు ఎటు చూడాలో తెలియలేదు, టేపు మీది అంకెలే చూస్తూ నడిచాడు.

చివరి ఇల్లు మిగిలుండగా మేనకోడలు అడిగింది. గొంతు పెంచలేదు.

“మామయ్యా, మేం ఇక్కడున్నామని వాళ్ళకు చెప్పాలని నీకు తోచింది వంతెన కట్టకముందా, కట్టాకా?”

“ముందేనమ్మా.”

ఆమె తలూపింది. టేపు లాగి బిగించి, అంకె చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

పడవెక్కేముందు జేబులోంచి పెన్నుల డబ్బు తీసి బావ చేతిలో పెట్టాడు. బావ లెక్కపెట్టకుండా సగానికి విరిచి, సగం ఆయన జేబులో తిరిగి కుక్కాడు. “ఇది ఉండనీ. నిన్ను అడగడానికి నాకేదో ఒకటి ఉండాలిగా,” అన్నాడు.

హాలు తెరిచిన రోజున ముఖ్య అతిథులు కొండల వైపు నుంచి నడిచొచ్చారు. డైరెక్టరమ్మ ప్రసంగంలో అవతలి గట్టు ప్రస్తావన లేదు. థీసిస్ లైబ్రరీలో అలాగే ఉంది, దాన్ని ఉటంకిస్తూ ఈమధ్య కూడా ఎవరో వ్యాసం రాశారు. నేల మీద మాత్రం రెల్లు లేదు, ఇత్తడి గళ్ళలో ఇళ్ళున్నాయి. మేనకోడలికి కుట్టాల్సిన బట్టలున్నాయట, రాలేదు. అక్క వచ్చింది. చెప్పులు బయట విడిచి, జనం పలచబడ్డాక ఏటి వెంబడి నడిచి, తన ఇంటి మీద రెండు పాదాలూ పెట్టి నిలబడింది. తమ్ముడితో అరుగు మీద సంగతి విన్న రోజు నుంచి మాటల్లేవు. అప్పుడు మాట్లాడింది.

“వంతెనేదిరా?”

చూపించాడు. ఆవిడ తన ఇంటి దగ్గర్నుంచి ఇటుక బట్టీల దాకా, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టుకుంటూ, గోడ పట్టుకుని నడిచింది. చేరేసరికి ఆయాసమొచ్చింది. వెనక్కి తిరిగి, చెప్పులేసుకుని, మొగుణ్ణి పిలుచుకుని రేవుకు వెళ్ళిపోయింది.

పెన్నుల డబ్బులో సగం బావకు ఇంకా బాకీ ఉంది.